తొలకరి విత్తనాలకు ముందు పెరట్లో జాగ్రత్తలు

మొదటి వాన పడగానే పార పట్టకండి. డెల్టా ఒండ్రునేలను తడి మీద తవ్వితే గడ్డలు ఎండి ఇటుకల్లా బిగుస్తాయి. గుప్పెడు మట్టి పిసికి వదలండి: పొడిపొడిగా రాలితే సరే, ముద్దగా వేళ్ళకు అంటుకుంటే రెండు రోజులు ఆగండి.

- మళ్ళు అడుగు ఎత్తున కట్టి, నీరు బయటికి పోయే దారి ముందే తీయండి. బీర, ఆనప పాదుల్లో నీళ్ళు నిలిస్తే వేరుకుళ్ళు ఖాయం. సగం మొక్కలు పోయేది ఇక్కడే.
- పచ్చిపేడ వద్దు, వేరుపురుగు చేరుతుంది. బాగా మాగిన ఎరువు పాదుకు 2 కిలోలు, గుప్పెడు వేపపిండి చాలు.
- కొబ్బరి పీచుపొట్టు కోనసీమలో చవకే, కానీ ఉప్పు పోయేలా రెండుమూడుసార్లు కడిగాకే కలపండి.
- బెండ గింజలు రాత్రంతా నానాలి.
- దసరా పూలకు బంతి నారు జూలైలో పోయండి. మల్లెకు మాత్రం ఇప్పుడు కత్తెర పెట్టొద్దు. అది చలికాలం పని.