సంక్రాంతి సెలవులకు ఢిల్లీ వెళ్తున్నారా? అన్నీ ఒక్కరి జేబులో పెట్టకండి

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ రైల్వే స్టేషనులో కుంభమేళాకు బయలుదేరిన జనం తొక్కిసలాటలో చిక్కుకుని 18 మంది ప్రాణాలు కోల్పోయారు. అంతకు నెల రోజుల ముందే, జనవరి 8న, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర మన ఊళ్ళోనే ఆరుగురు చనిపోయారు కనుక, గుంపు ఎంత పని చేస్తుందో తిరుపతి వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. అయినా ఢిల్లీ టికెట్లు తీసుకున్న బంధువులు నన్ను అడుగుతున్నది స్వెటర్లు ఎన్ని పెట్టుకోవాలనే. ఆ సంగతి కొట్లో వాళ్ళయినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది.

మన కుటుంబాలకు ఒక అలవాటు ఉంది. డబ్బు, టికెట్లు, ఆధార్ కార్డులు, బస చేసిన చోటి చిరునామా, అన్నీ ఇంటి పెద్ద దగ్గరే ఉంటాయి. కొండ మీద ఈ పద్ధతి నడుస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పిపోయినా మైకులో తెలుగులో పేరు పెట్టి పిలుస్తారు, పక్కన నిలబడినవారు మన మాట అర్థం చేసుకుంటారు. ఢిల్లీలో ఈ పద్ధతే మనుషులను ముంచుతుంది.

కొన్నేళ్ళ కిందట పదకొండు మందిమి అక్షరధామ్‌కు వెళ్ళాము. లోపలికి ఫోన్లు తీసుకువెళ్ళనివ్వరు కనుక అందరి ఫోన్లూ క్లోక్ రూములో అప్పగించి, చీటీని మామ చొక్కా జేబులో పెట్టాము. చీకటి పడ్డాక నీటి ప్రదర్శన ముగిసి జనమంతా ఒక్కసారిగా లేచినప్పుడు అవ్వ కనిపించలేదు. ఆమెను వెదకడానికి మామ మళ్ళీ లోపలికి వెళ్ళాడు. చీటీ ఆయన దగ్గర, ఫోన్లు క్లోక్ రూములో, బస పేరు ఆయన ఒక్కడికే తెలుసు. అవ్వ ఒక్కతే తప్పిపోయిందని అప్పుడు అనుకున్నాము కానీ, నిజానికి ఆ జేబుకు దూరమైన మేమందరమూ తప్పిపోయినట్టే. మూడు గంటల తరువాత ఒక కానిస్టేబుల్ ఆమెను గోడ పక్కన చూశాడు. హిందీ ముక్క రాదు, ఒంటి మీద పలుచని శాలువా. ఆ చలికి పట్టిన న్యుమోనియా తిరుపతికి వచ్చాక కూడా పది రోజులు ఆసుపత్రిలో ఉంచింది.

మెట్రోలో ఇదే తప్పు మరో రూపంలో ఎదురవుతుంది. రైలు వెళ్ళే దిక్కున మొదటి పెట్టె మహిళలకు కేటాయించినది కనుక ఆడవాళ్ళు అందులో ఎక్కుతారు, మగవాళ్ళు వెనక ఎక్కుతారు, టికెట్లన్నీ మగవాళ్ళ జేబులో ఉంటాయి. రాజీవ్ చౌక్ మెట్రో స్టేషను రద్దీలో సగంమంది దిగి, సగంమంది దిగలేకపోతే, టికెట్ లేనివారు గేటు దాటి బయటికి రాలేరు. ఎవరి టికెట్ వారి చేతిలోనే ఉండాలి. దిగలేకపోయినవారు తరువాతి స్టేషనులో దిగి ప్లాట్‌ఫారం మీదే కదలకుండా నిలబడాలి, వెదికేవారే అక్కడికి వెళ్ళాలి. ఇద్దరూ వెదుక్కోవడం మొదలుపెడితే ఇద్దరూ దొరకరు.

అందువల్ల చిన్నపిల్లలతో సహా ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కాగితం ఉండాలి. దాని మీద బస పేరు, వీధి హిందీలో రాయించాలి, ఎందుకంటే తెలుగు చిరునామా అక్కడి ఆటో అబ్బాయికి పనికిరాదు. ఇద్దరి ఫోన్ నంబర్లు ఉండాలి. పెద్దవాళ్ళ దగ్గర ఐదు వందల రూపాయలు విడిగా ఉండాలి. అవ్వలు వక్కాకు తిత్తిలో పెట్టుకుంటే పోగొట్టుకోరు.

చలి గురించి ఒక్క మాటే చెబుతాను. గది వెచ్చబడాలని బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసి పడుకోకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌ను సూట్‌కేసులో కాకుండా జేబులో ఉంచుకోవాలి. ఇక్కడ కూడా అదే మాట: వారి జేబులోనే, కొడుకు జేబులో కాదు.

సోమవారం ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్ మూడూ మూసి ఉంటాయి. ఆ రోజున వాటిని చూడడానికి బయలుదేరకండి. జనవరి 26కు ముందు కొన్ని రోజులు ఎర్రకోటలోకి రానివ్వరు, గణతంత్ర దినోత్సవ కవాతు జరిగే కర్తవ్య పథ్ పక్క దారులు రిహార్సళ్ళకు మూస్తారు. 2025 నవంబరు 10న ఎర్రకోట మెట్రో స్టేషను దగ్గర కారు పేలిన తరువాత కోటను కొన్నాళ్ళు మూశారు, కనుక ముందురోజే విచారించుకోండి. అటువంటి వేళ ఎవరు ఎటు పరుగెత్తుతారో ఎవరికీ తెలియదు, అప్పుడు మీ జేబులో ఉన్నదే మీది. కుతుబ్ మీనార్ పైకి ఎక్కిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 1981 డిసెంబరు 4న కరెంటు పోయి చీకటి మెట్ల మీద 45 మంది, ఎక్కువగా బడి పిల్లలు, చనిపోయిన నాటి నుంచి ఆ మెట్లు మూసే ఉన్నాయి. కోట ద్వారాల దగ్గర ఫోటో కోసం ఆగకండి. జనం నెడుతుంటే కింద పడిన చెప్పు కోసం వంగకండి. మెట్రో తలుపులు మూసుకుంటుంటే చేయి అడ్డుపెట్టకండి. చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిందని వినిపిస్తే మెట్ల మీద పరుగెత్తకండి, రైలు పోతే పోనివ్వండి. తిరుపతికి వచ్చే ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతి రైలు బయలుదేరేది హజ్రత్ నిజాముద్దీన్ నుంచి, న్యూఢిల్లీ స్టేషను నుంచి కాదు. ఆటో ఎక్కేటప్పుడు ఆ పేరు పూర్తిగా చెప్పండి. రెండు ఆటోల్లో వెళ్తే రెండింటిలోనూ టికెట్ నకలు ఉండాలి. మంచుకు రైలు ఆలస్యమైతే అందరూ కలిసి టీ తాగడానికి వెళ్ళకండి, పెద్దవాళ్ళను సామాను దగ్గర ఒంటరిగా వదలకండి. బయలుదేరే ముందురోజు రాత్రి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి జేబులు బయటికి తీయించి చూడండి. కాగితం లేనివారికి అప్పటికప్పుడే రాసి ఇవ్వండి, రైల్లో రాద్దామని వాయిదా వేయకండి.