పరీక్ష రాసిపెట్టే ముందు
ఉద్యోగం చేస్తూనే ఏడాదిగా చూపులేని విద్యార్థులకు పరీక్షలు రాసిపెడుతున్నాను. కొత్తవారికి ఒక మాట: ఒప్పుకునే ముందే మీ చదువు ఆ పరీక్ష నిబంధనకు సరిపోతుందో లేదో కనుక్కోండి. చాలా చోట్ల రాసేవారి చదువుకు పరిమితి ఉంటుంది. ఇది తెలియక ఒకసారి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పాపం, ఆ అమ్మాయి మరొకరి కోసం ఫోన్లు చేస్తూ అక్కడే నిలబడిపోయింది.

వీలైతే ముందురోజు అరగంట కలిసి కూర్చోండి. ఎంత వేగంగా చెబుతారో, లెక్కల గుర్తులను ఎలా పలుకుతారో తెలుస్తుంది. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి కాబట్టి 3 గంటల పరీక్ష 4 గంటలవుతుంది. ఆ పూట ఆఫీసు పని పెట్టుకోకండి. రాసింది చదివి వినిపించండి. తప్పని తోచినా మీరు మాత్రం దిద్దకండి.