రూట్ 66 మీద రోడ్ ట్రిప్: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

అమెరికాలోని షికాగోలో ఆడమ్స్ స్ట్రీట్ మీద గోధుమరంగు బోర్డు ఒకటి ఉంటుంది. హిస్టారిక్ రూట్ 66 ఇక్కడ మొదలు అని దానికి అర్థం. అక్కడ ఫొటో దిగి, ఫోన్‌లో దారి ముగిసే కాలిఫోర్నియా ఊరు శాంటా మోనికా పేరు కొట్టి బయల్దేరారా, ఇక మీరు రూట్ 66 మీద వెళ్ళనట్టే. కాసేపట్లోనే ఫోన్ మిమ్మల్ని ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద ఎక్స్‌ప్రెస్ హైవే) ఎక్కించేస్తుంది. మొదటిసారి మేము చేసిన పని అదే. దారిలో చూద్దామనుకున్న పాంటియాక్ ఊళ్ళోని రూట్ 66 మ్యూజియం ఎప్పుడో వెనకపడిపోయిందని టీ తాగడానికి ఆగినప్పుడు గానీ తెలియలేదు.

తప్పు ఫోన్‌ది కాదు. రూట్ 66 అనే హైవే ఇప్పుడు అధికారికంగా లేదు. 1926 నవంబర్ 11న షికాగో నుంచి లాస్ ఏంజిలస్ దాకా మొదలై, 1936లో శాంటా మోనికా వరకు సాగింది. ఎనిమిది రాష్ట్రాల మీదుగా దాదాపు 2,448 మైళ్ళు. నాలుగు లేన్ల ఇంటర్‌స్టేట్లు వచ్చి ఒక్కో ఊరినీ పక్కకు నెట్టేయగా, 1985 జూన్ 27న దాని పేరు హైవేల జాబితాలోంచే తీసేశారు. మిగిలినవి ముక్కలు. ఒకచోట అది స్టేట్ హైవే, ఇంకోచోట ఊరి మెయిన్ స్ట్రీట్, మరోచోట ఇంటర్‌స్టేట్ పక్కనే సాగే సర్వీసు రోడ్డు. కొన్నిచోట్ల పొలంలోకి వెళ్ళి ఆగిపోతుంది. కాబట్టి ప్లాన్ వేయడమంటే ఏ ముక్కలు నడపాలి, ఏ ముక్కలు వదిలేయాలి అని తేల్చుకోవడమే.

మొదట రోజులు లెక్కపెట్టండి

మొత్తం రోడ్డు నడపాలంటే రెండు వారాలు పెట్టుకోండి. 14 రోజులైతే రోజుకు 175 మైళ్ళు పడుతుంది. ఇంటర్‌స్టేట్ మీద అది రెండున్నర గంటల పని. పాత రోడ్డు మీద ఊరూరా సిగ్నళ్ళు, ఫొటోలు, దారి తప్పి వెనక్కి రావడాలు కలిపితే రోజంతా పడుతుంది. రోజుకు 200 మైళ్ళు దాటించొద్దని నా సలహా. పది రోజుల్లో కూడా అయిపోతుంది గానీ, సగం దూరం ఇంటర్‌స్టేట్ మీదే వెళ్తారు.

అన్ని రోజులు సెలవు దొరకదు అనుకుంటే ఎనిమిది రాష్ట్రాలూ తాకాలన్న పట్టుదల వదిలేయండి. ఐదు రోజులే ఉంటే న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో కారు తీసుకుని లాస్ ఏంజిలస్ వరకు వెళ్ళండి. ఎడారి, కొండలు, నియాన్ బోర్డులు అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. ఇంకా తక్కువ రోజులుంటే ఒక్క అరిజోనా చాలు.

ఏ కాలం, ఏ వైపు

మే నెల, లేదంటే సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్య. జులై, ఆగస్టుల్లో మొహావీ ఎడారిలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. చలికాలంలో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో మంచు పడుతుంది, ఆ ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది మరి. జూన్‌లో వెళ్ళినా అక్కడ రాత్రికి స్వెట్టర్ కావాలి. మేలో వెళ్తుంటే ఓక్లహోమా, మిస్సోరీలలో టోర్నడోల కాలం అన్నది మరిచిపోవద్దు. రోజూ పొద్దున్నే వాతావరణం చూసి బయల్దేరండి, ఫోన్‌లో హెచ్చరికల సౌండ్ ఆపేయొద్దు. అక్టోబర్ మొదట్లో ఆల్బకర్కీలో బెలూన్ల పండగ జరుగుతుంది, ఆ వారం గదుల అద్దెలు చుక్కల్లో ఉంటాయి. 2026 ఈ రోడ్డుకు వందో ఏడు, ఆ సంవత్సరం వెళ్తుంటే గదులు ఇంకా ముందే బుక్ చేసుకోవాలి.

ఎక్కువమంది షికాగో నుంచి పడమటికే వెళ్తారు. పాత రోజుల్లో జనం వలసపోయిన దారీ అదే, గైడు పుస్తకాలు కూడా ఎక్కువగా ఆ వరసలోనే ఉంటాయి. ఇబ్బంది ఒక్కటే, సాయంత్రం ఎండ సరిగ్గా కళ్ళలో కొడుతుంది. పొద్దున ఏడింటికి బయల్దేరి, సాయంత్రం ఐదుకల్లా గది చేరేలా చూసుకోండి. మ్యూజియాలు, కొట్లు కూడా ఆ వేళకే మూసేస్తారు. పడమటికి వెళ్తూ గడియారాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పుకోవాలి. అరిజోనా మాత్రం చాలామటుకు వేసవి టైమ్ (ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) పాటించదు, అందుకని వేసవిలో అక్కడ కాలిఫోర్నియా టైమే నడుస్తుంది.

మ్యాప్ మీరే గుచ్చుకోవాలి

ప్లాన్‌లో ఎక్కువ సమయం తినే పని ఇదే. ఒక శనివారం కేటాయించండి. ఫోన్ మ్యాప్‌కు షికాగో, శాంటా మోనికా అని రెండు పేర్లిస్తే సరిపోదు. ఇరవై, ముప్ఫై మైళ్ళకొక పిన్ గుచ్చి, ఒక పిన్ నుంచి ఇంకో పిన్‌కు వెళ్ళేలా రోజువారీగా విడివిడి మ్యాపులు తయారుచేసుకోవాలి. మలుపు మలుపుకీ దారి చెప్పే గైడు పుస్తకాలు దొరుకుతాయి, ఒకటి కొనండి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు దాన్ని పైకి చదవాలి. ఈ ట్రిప్‌లో పక్క సీటు వాళ్ళకు నిద్రపోయే హక్కు లేదు.

మ్యాప్ చూస్తుంటే కొన్నిచోట్ల రూట్ 66 రెండు, మూడు గీతలుగా కనిపిస్తుంది. కంగారుపడొద్దు. అరవై ఏళ్ళలో రోడ్డును చాలాసార్లు మార్చారు. న్యూమెక్సికోలో 1937 వరకు అది శాంటా ఫే మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది, తర్వాత నేరుగా ఆల్బకర్కీకి వేశారు. రెండూ అసలువే, మీకు ఏది కుదిరితే అది. మ్యాపులన్నీ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ఎడారిలో సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి.

పాత రోడ్డు తెగిపోయిన చోట ఏ ఇంటర్‌స్టేట్ ఎక్కాలో కూడా గుర్తుండాలి. సెయింట్ లూయిస్ దాకా ఐ-55, ఓక్లహోమా సిటీ దాకా ఐ-44, అక్కడి నుంచి బార్‌స్టో వరకు ఐ-40, తర్వాత ఐ-15, చివర్లో ఐ-10.

కారు, కాగితాలు

ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇచ్చేస్తే రెంటల్ వాళ్ళు వన్-వే ఫీజు వేస్తారు. మొదట కనిపించే రేటులో అది ఉండకపోవచ్చు, మొత్తం బిల్లు చూశాకే బుక్ చేయండి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ కాంట్రాక్టులో ఉండాలి. 25 ఏళ్ళు నిండని వాళ్ళకు అదనంగా వసూలు చేస్తారు. ఇండియా లైసెన్సుతో నడపబోయేవాళ్ళు ఇంటర్నేషనల్ పర్మిట్ బయల్దేరే ముందే ఆర్టీఓ ఆఫీసులో తీసుకోవాలి. ఓక్లహోమాలో టోల్ రోడ్ల మీద డబ్బు కట్టే బూత్ కోసం వెతకొద్దు. నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు, రెంటల్ కారైతే దానిమీద వాళ్ళ సర్వీసు చార్జీ ఎక్కుతుంది. పాత రోడ్డు మీదే ఉంటే ఈ టోల్ గొడవే లేదు.

బయల్దేరే ముందు గుడికి వెళ్ళే అలవాటుంటే, షికాగో నుంచి ఐ-55 మీద వస్తూ కాస్త పక్కకు తిరిగితే లెమాంట్‌లో రామాలయం ఉంది. రెంటల్ కారుకు కూడా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళను చూశాను. మంచిదే. ఇన్సూరెన్స్ మాత్రం విడిగా తీసుకోండి.

ఎక్కడ ఆగాలి

అన్నిచోట్లా ఆగితే నెల రోజులైనా చాలవు. నా లెక్కలో వదలకూడనివి ఇవి.

సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ మీద చైన్ ఆఫ్ రాక్స్ అని పాత వంతెన ఉంది. నది మధ్యలో ఉన్నట్టుండి పక్కకు వంపు తిరుగుతుంది. ఇప్పుడు కార్లను పోనివ్వరు, నడిచి చూడాలి. కారు దిగేటప్పుడు బ్యాగులు బయటికి కనిపించేలా పెట్టొద్దు. కాన్సాస్‌లో ఈ రోడ్డు ఉన్నది 13 మైళ్ళే, అరగంట చాలు.

ఓక్లహోమాలో మాత్రం తొందరపడొద్దు. మయామి అని రాసి 'మయామా' అని పలికే ఊరు ఒకటుంది. దాని దక్షిణాన, ఆఫ్టన్ వెళ్ళే దారిలో, 1922లో వేసిన రోడ్డు ముక్క ఇంకా మిగిలి ఉంది. వెడల్పు తొమ్మిది అడుగులే. డబ్బులు చాలక సగం వెడల్పే వేశారని చెప్తారు. ఎదురుగా కారు వస్తే ఇద్దరూ చెరో పక్క చక్రాలు కంకరలోకి దించి తప్పుకోవాలి. కిటికీ దించి పది మైళ్ళ వేగంతో వెళ్తే టైర్ల కింద రాళ్ళు కరకరమంటుంటాయి, అంచు వెంట పాత సిమెంటు గట్టు తెల్లగా కనిపిస్తుంది. వాన పడ్డ రోజు అటు వెళ్ళొద్దు. తర్వాత టల్సా దాటే ముందు, కటూసాలో చెరువు ఒడ్డున ఒకాయన 1970ల మొదట్లో పెళ్ళిరోజు కానుకగా భార్యకు కట్టించిన నీలి తిమింగలం ఉంది. పిల్లలతో వెళ్తే అక్కడి నుంచి త్వరగా కదలడం కష్టం.

టెక్సాస్‌లో అమరిల్లో బయట పది కాడిలాక్ కార్లు ముక్కు నేలలో గుచ్చి నిలబడి ఉంటాయి, 1974 నుంచి. ఎవరైనా వాటి మీద రంగు కొట్టొచ్చు. గాలి వీపు వైపు ఉండేలా నిలబడండి, లేకపోతే ఆ రంగు మీ చొక్కాకే. ఖాళీ డబ్బాలు అక్కడ పారేసి రావొద్దు. ఆ తర్వాత వచ్చే ఏడ్రియన్ ఈ రోడ్డుకు సరిగ్గా నడుమ. అక్కడి బోర్డు లెక్కలో షికాగో ఎంత దూరమో లాస్ ఏంజిలస్ కూడా అంతే.

న్యూమెక్సికోలో తుకుమ్‌కారికి చీకటి పడే వేళకు చేరేలా చూసుకోండి. నియాన్ బోర్డులు పగలు చూస్తే ఏముంటుంది? బ్లూ స్వాలో మోటెల్ 1939 నాటిది, గది పక్కనే కారు పెట్టుకోవడానికి చిన్న గ్యారేజీ ఉంటుంది. గదులు తక్కువ కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. అరిజోనాలో హోల్‌బ్రుక్ విగ్వామ్ మోటెల్ సంగతీ అంతే, అక్కడున్నవి డేరా ఆకారంలో కట్టిన 15 సిమెంటు గదులు. మిగతా రోజులకు మామూలు మోటెళ్ళు చాలు. వాటిలో చాలా గుజరాతీ పటేళ్ళవే. రిసెప్షన్ వెనకనుంచి పోపు వాసన వస్తే ఆశ్చర్యపోకండి.

అరిజోనాకు కనీసం మూడు రోజులివ్వండి. పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో పాత రోడ్డు దాటిన చోట 1932 నాటి స్టూడిబేకర్ కారు తుప్పుపట్టి నిలబడి ఉంటుంది. పార్కు గేట్లు సాయంత్రం మూసేస్తారు, టైమూ టికెట్టు రేటూ ముందే వెబ్‌సైట్లో చూసుకోండి. విలియమ్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ గంట ప్రయాణం, దానికి ఒక రోజు విడిగా తీసి పెట్టాలి.

తర్వాత సెలిగ్మన్. 1978 సెప్టెంబర్‌లో ఐ-40 తెరిచిన రోజే ఊళ్ళో కార్ల రాక ఆగిపోయింది. ఆ ఊరి మంగలి ఏంజెల్ డెల్గడిల్లో ఊరుకోలేదు. ఊరివాళ్ళను పోగుచేసి 1987లో సంఘం పెట్టి, రాష్ట్ర ప్రభుత్వం చేత ఈ రోడ్డును హిస్టారిక్ రోడ్డుగా గుర్తింపజేశాడు. ఈ రోజు మీరు చూసే ఆ గోధుమరంగు బోర్డుల వెనక అలాంటివాళ్ళ పట్టుదల ఉంది. అక్కడి నుంచి అరిజోనా సరిహద్దులోని టోపాక్ దాకా దాదాపు 160 మైళ్ళు పాత రోడ్డు తెగకుండా సాగుతుంది. మొత్తం దారిలో అంత పొడుగు ముక్క ఇంకోటి లేదు.

ఆ ముక్కలోనే ఓట్మన్ కొండదారి ఉంది. శ్రీశైలం ఘాట్ నడిపిన చేతికి మలుపులు కొత్త కాదు, కానీ ఇక్కడ చాలాచోట్ల లోయ వైపు గోడ ఉండదు. 40 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. దిగాక ఓట్మన్ వీధిలో గాడిదలు కారు కిటికీలోకి మూతి పెడతాయి. బంగారు గనులు మూతపడ్డాక పనివాళ్ళు వదిలేసి పోయిన గాడిదల సంతతి అవి. పిల్లల వేళ్ళు జాగ్రత్త.

తిండి, నీళ్ళు, పెట్రోల్

అర ట్యాంకు కాగానే నింపుకోండి. మొహావీలో బంకులు దూరదూరంగా ఉంటాయి, రేటు కూడా మండిపోతుంది. మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్ళు డిక్కీలో అదనంగా ఉండాలి. అక్కడ వరదలకు పాత వంతెనలు దెబ్బతిని కొన్ని ముక్కలు మూసి ఉంటాయి, ఏవి తెరిచి ఉన్నాయో ముందురోజు రాత్రే చూసుకోండి.

శాకాహారులకు మధ్య రాష్ట్రాల డైనర్లలో ఆమ్లెట్, వేపుడు బంగాళాదుంప తప్ప పెద్దగా ఏమీ దొరకదు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ, పొడులు వెంట ఉంటే టెన్షన్ లేదు. న్యూమెక్సికో చేరాక నాలుక ప్రాణం లేచివస్తుంది. ఏది తెప్పించుకున్నా 'రెడ్ ఆర్ గ్రీన్?' అని అడుగుతారు, అంటే ఎర్ర మిరప సాసా, పచ్చి మిరప సాసా అని. రెండూ కావాలంటే 'క్రిస్మస్' అనాలి. అందులో మాంసం వేశారా అని మాత్రం అడగండి.

ఇంటి నుంచి తెచ్చిన కరివేపాకు, నిమ్మకాయలు కాలిఫోర్నియా చేరేలోపు అయిపోవాలి. నీడిల్స్ దగ్గర ఐ-40 మీద బండ్లు ఆపి పళ్ళు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే ఆ జాగ్రత్త. దాచకుండా చెప్పేయండి, తీసేసుకుని పంపించేస్తారు.

చివరి రోజు

శాన్ బెర్నార్డినో నుంచి శాంటా మోనికా దాకా 80 మైళ్ళు, అడుగడుగునా సిగ్నల్. పసడీనా వరకు పాత రోడ్డు పట్టుకుని, అక్కడి నుంచి ఫ్రీవే ఎక్కేసినా పెద్దగా పోయేదేమీ లేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం లాస్ ఏంజిలస్‌లోకి దిగొద్దు. రాత్రి ఊరి బయటే ఉండిపోయి, శనివారం పొద్దున ఎనిమిదిలోపు శాంటా మోనికా పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గరికి వెళ్ళండి. దారి ముగిసిందని చెప్పే బోర్డు దగ్గర ఆ వేళకు ఫొటోల క్యూ పెద్దగా ఉండదు. ఫొటో అయ్యాక ఓపికుంటే కలబాసస్‌లో మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి గంటలోపు దూరమే.