ముసురు పట్టకముందే: కిక్‌స్టార్ట్ ఫ్లాపీ ఒకటి చదవకపోతే రెండోది పెట్టొద్దు

మొన్నటి ముసురులో కావలి దగ్గర ఒక ఇంట్లో కమోడోర్ వాళ్ల పాత కంప్యూటర్ అమిగా 1000 మొండికేసింది. ఆన్ చేస్తే తెర మీద ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ, అంతే. ఇంట్లో ఉన్న, సిస్టమ్‌ని ఎక్కించే కిక్‌స్టార్ట్ ఫ్లాపీలు నాలుగూ వరసగా పెట్టి చూశారు. సాయంత్రానికి నాలుగూ పోయాయి. మిషన్‌కి ఏ రోగమూ లేదు. మొదటి ఫ్లాపీకి బూజు పట్టింది, ఆ బూజు డ్రైవ్ హెడ్‌కి అంటుకుంది, ఆ హెడ్డే మిగతా మూడింటినీ గీకేసింది.

1985లో వచ్చిన ఈ మిషన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మూలం రోమ్‌లో ఉండదు. రోమ్‌లో ఉండేది చిన్న బూట్ ప్రోగ్రామ్ మాత్రమే. ఆ మూలం పేరే కిక్‌స్టార్ట్; బూట్ ప్రోగ్రామ్ ఆ 256 కేబీని ఫ్లాపీ నుంచి డబ్ల్యూసీఎస్ అనే ప్రత్యేకమైన ర్యామ్‌లోకి ఎక్కించి, ఆపైన దాంట్లోకి ఏదీ రాయకుండా తాళం వేస్తుంది. ఇక అక్కణ్ణుంచి మిషన్‌కి అదే రోమ్. చిక్కంతా ఇక్కడే. ఫ్లాపీ పోయినా, డ్రైవ్ పోయినా, ఆ ర్యామ్ పోయినా బయటికి కనిపించేది ఒకటే: సిస్టమ్ పైకి రాదు. ఏది పోయిందో తేలక చెయ్యి ఊరుకోదు, ఇంకో ఫ్లాపీ అందుకుంటుంది. కొంపలు మునిగేది అప్పుడే. ఒకటి చదవకపోతే రెండోది పెట్టొద్దు.

మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకని ఈ పని సెప్టెంబరులోనే, పొడి ఎండ ఉన్న రోజు చూసి పెట్టుకోండి. ప్రతి ఫ్లాపీ రేకు పక్కకి జరిపి, వెనకున్న లోహపు బొడ్డును వేలితో మెల్లగా తిప్పుతూ వెలుతురులో ఏటవాలుగా చూడండి. తెల్ల మచ్చలో, పొడ లాంటిదో కనిపిస్తే అది బూజే. ఆ ఫ్లాపీని మిగతావాటితో కలిపి ఉంచకండి, డ్రైవ్‌లో అసలు పెట్టకండి. శుభ్రంగా ఉన్నవాటిని గ్రీజ్‌వీజిల్ (ఫ్లాపీ మీది రాతని ఉన్నదున్నట్టు పీసీలోకి చదివే) బోర్డుకి మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్ తగిలించి ఇమేజ్, అంటే మొత్తం డిస్కు నకలు ఫైలు, తీసుకోండి. ఆ ఇమేజ్ (ఏడీఎఫ్ ఫైలు) సరిగ్గా 901,120 బైట్లు ఉండాలి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లతో కుదరదు, అవి అమిగా రాతని చదవలేవు. ఫైళ్లు కాపీ చేసుకుందామన్నా కుదరదు. కిక్‌స్టార్ట్ ఫ్లాపీలో ఫైళ్లంటూ ఉండవు, మొదటి సెక్టార్‌లో గుర్తు, రెండో సెక్టార్ నుంచి నేరుగా కిక్‌స్టార్ట్. మొత్తం డిస్కునే నకలు తీయాలి.

ఇప్పుడు చెడింది ఏదో తేల్చుకోవడం. చెయ్యి బొమ్మ వచ్చిందంటే ప్రాసెసరు, బూట్ రోమ్, బొమ్మ గీసే చిప్‌లు అంతవరకూ బతికే ఉన్నట్టు. వాటిని పీకే పని పెట్టుకోకండి. ఫ్లాపీ పెట్టాక హెడ్ అడుగుల చప్పుడు వినండి. 256 కేబీ అంటే 512 సెక్టార్లు, సిలిండర్‌కి 22 చొప్పున మొదటి 24 సిలిండర్లలోనే అయిపోతుంది. ఎప్పుడు పెట్టినా ఒకే అడుగు దగ్గర తడబడుతుంటే అనుమానం ఫ్లాపీ మీద. తీసేయండి. రెండోది పెట్టొద్దు.

ముందు హెడ్ తుడవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త దూది పుల్ల. పై హెడ్ సన్నటి స్ప్రింగు మీద ఉంటుంది, దాన్ని ఎక్కువగా ఎత్తితే మళ్లీ సరిగా కూర్చోకపోవచ్చు. శానిటైజర్ వాడకండి, అందులో కలిపే గ్లిజరిన్ హెడ్ మీద జిడ్డులా మిగులుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి, పోయినా ఫర్వాలేదనుకునే పనికిరాని ఫ్లాపీ ఒకటి పెట్టి తిప్పండి. తీసి రేకు జరిపి చూడండి. గుండ్రటి గీత పడిందా? హెడ్ ఇంకా మురికిగానే ఉంది. మళ్లీ తుడవండి.

ఆ తర్వాత కూడా అసలు ఫ్లాపీ వద్దు. డ్రైవ్ తీసి గోటెక్ (పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్‌ని ఫ్లాపీలా చూపించే పెట్టె) తగిలించి, ఇందాకటి ఇమేజ్‌తో ఎక్కించండి. గోటెక్‌తో వచ్చి డ్రైవ్‌తో రాలేదంటే ర్యామ్ నిర్దోషి. గోటెక్‌తోనూ రాకపోతే అప్పుడు డబ్ల్యూసీఎస్ వైపు తిరగండి: డ్రైవ్ పవర్ కనెక్టర్ దగ్గర 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉందా, ర్యామ్ పైబోర్డు మీద ఉన్న మోడలైతే దాని పిన్నులకి ఉప్పుగాలి చిలుము పట్టిందా. కిక్‌స్టార్ట్ మొదలై తెర ఎర్రబడితే చెక్‌సమ్ (ఎక్కిన కిక్‌స్టార్ట్‌ని సరిచూసే లెక్క) కలవలేదని, ఆకుపచ్చగా మారితే తేడా చిప్ ర్యామ్‌లో (బొమ్మ, ధ్వని చిప్‌లు వాడుకునే మెమరీలో) అని, నీలమైతే ఆ చిప్‌లలోనే, అంటే కస్టమ్ చిప్‌లలో అని.

ఇక ఇవి.

పైబోర్డు తీసేటప్పుడు కరెంటు ప్లగ్గే పీకండి, స్విచ్ కట్టేస్తే చాలదు.

అమెరికా మిషన్ 110 వోల్టులది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడకి పెట్టొద్దు.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ స్టెప్‌డౌన్ నడపొద్దు.

ఒకసారి ఎక్కాక ఆఫ్ చేయొద్దు. కంట్రోల్, రెండు అమిగా మీటలు కలిపి నొక్కితే రీసెట్ అవుతుంది, కిక్‌స్టార్ట్ అలాగే ఉంటుంది. ఆఫ్ చేసిన ప్రతిసారీ ఫ్లాపీ మళ్లీ అరగాలి.

ఉరుము వినపడితే ప్లగ్గు పీకండి. పోయిన కిక్‌స్టార్ట్ మళ్లీ ఎక్కుతుంది.

హెచ్‌డీ ఫ్లాపీ కన్నానికి టేపు అంటించి కిక్‌స్టార్ట్ రాయొద్దు.

డబ్బాలో కలరా ఉండలు వేయొద్దు. సిలికా జెల్ వేయండి, రంగు మారితే వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ వేయండి.

చల్లటి ఏసీ గదిలోంచి తెచ్చిన ఫ్లాపీని వెంటనే పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. అరగంట ఆగండి.

రాయకుండా ఆపే కిటికీ తెరిచి ఉంచండి. ప్రతి ఫ్లాపీకీ.

ఒకటి చదవలేదా? ఆపండి. హెడ్ తుడిచేదాకా రెండోది డబ్బాలోంచి బయటికి తీయొద్దు.