సంగీతం వినే గదికి శబ్దాన్ని పీల్చుకునే ప్యానెళ్లు బిగించే ముందు జాగ్రత్తలు

గోడకు ఒక్క రంధ్రమైనా వేయకముందే స్పీకర్లనూ కుర్చీనీ జరిపి వినండి. మూలకు చేర్చిన స్పీకరు మంద్ర శబ్దాలను, అంటే బాస్‌ను అనవసరంగా పెంచుతుంది.

మీరు కుర్చీలో కూర్చుని, పక్కగోడ వెంబడి మరొకరిచేత అద్దాన్ని జరిపిస్తూ, అందులో స్పీకరు కనబడిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టించండి. శబ్దం గోడకు తగిలి మీ చెవికి మొదట చేరేది అక్కడినుంచే కనుక, ప్యానెలు ముందుగా అవసరమైనదీ అక్కడే.

అంగుళం మందం ఫోమును నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు, పలుచని ఫోము దాన్ని ఏమీ చేయలేక, పై స్థాయి శబ్దాలను మాత్రమే పీల్చుకుని, గదిలో గుంయ్‌మనే బాస్‌ను అలాగే వదిలేస్తుంది. గుడ్డ చుట్టిన, రాతి పీచుతో చేసిన రాక్‌వూల్ పలకలు 2 నుంచి 4 అంగుళాల మందంలో, గోడకు కాస్త ఎడంగా బిగించడం నా దృష్టిలో ఎంతో మేలు. వాటిని కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, నిండుచేతుల చొక్కా తప్పనిసరి.

గుడ్ల అట్టలు, థర్మోకోల్ అసలు వాడవద్దు. నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ చేయకండి, వైరింగ్ పైపులు సాధారణంగా ఆ దారిలోనే ఉంటాయి. ఆ గది ఎంసీబీ ఆపి, డ్రిల్లుకు కరెంటు వేరే గదినుంచి తీసుకోండి.

వానాకాలంలో గోడకు చెమ్మ పడుతుంటే, అది బాగయ్యేవరకు పని మొదలుపెట్టవద్దు.