పిరొహీవ్ ఆరుబయలు మ్యూజియం చూడబోయేవారికి

ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగర దక్షిణ శివారులోని పిరొహీవ్‌లో, ఆ దేశపు వివిధ ప్రాంతాల పాత పల్లె ఇళ్లను చూపేందుకు 1976లో సందర్శకులకు తెరచిన ఆరుబయలు మ్యూజియం నూరు హెక్టార్లకు పైగా విస్తరించి ఉన్నందున, ఒక్క పూటలో అంతా చుట్టిరావాలని ఆశపడక, రెండు మూడు ప్రాంతాల విభాగాలను ముందే ఎంచుకోవడం మంచిది. కార్పాతియన్ కొండల విభాగాన్నీ, పొల్తావా మైదాన ప్రాంత విభాగాన్నీ ఒకదాని వెంట ఒకటి చూస్తే, అడవులు దండిగా ఉన్నచోట దుంగలతో కట్టిన ఇళ్లకూ, మైదానాలలో మట్టి మెత్తి సున్నం కొట్టి గడ్డి కప్పిన ఇళ్లకూ గల తేడా స్పష్టంగా తెలుస్తుంది. లోపలికి అనుమతించే ఇళ్లలో గదిలో పెద్ద భాగాన్ని ఆక్రమించే పొయ్యినీ, దానికి ఐమూలగా ఉండే దేవుని పటాలనూ, వాటిపై అలంకరించిన ఎంబ్రాయిడరీ తువ్వాళ్లనూ తీరికగా గమనించండి. బయటి గాలిమరల కన్నా ఇవే చూడదగినవని నా అభిప్రాయం. నడక ఎక్కువ కనుక గట్టి బూట్లు వేసుకోండి. యుద్ధం దృష్ట్యా భద్రతా సూచనలనూ, సందర్శన వేళలనూ ముందే సరిచూసుకోవాలి.