చెక్ ఇంజన్ లైటు – నాలుగో పాఠం: ‘క్లియర్’ నొక్కే ముందు

ఈ పాఠంలో ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచేది) గ్రాఫులు చదవడం మొదలుపెట్టాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చూసి, బండి కంప్యూటర్ దాచిన లోపాల కోడ్లు చదివే స్కానర్ తగిలించినవాళ్లలో చాలామంది కోడ్ చదవడం దాకా సరిగ్గానే చేశారు. తేడా ఆ తర్వాత వచ్చింది. కోడ్ కనబడింది, దాని కిందే ‘క్లియర్’ బటన్ ఉంది, నొక్కేశారు. లైటు ఆరింది. నాలుగు రోజులకు మళ్లీ వెలిగింది. అప్పుడు షెడ్డుకు వెళ్తే మెకానిక్‌కు చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

క్లియర్ నొక్కితే చెరిగేది కోడ్ ఒక్కటే కాదు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, వేడి ఎంతున్నాయో దాచిన లెక్క, పోతుంది. రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పే గుర్తులు, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. చాలా బండ్లలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) అన్నాళ్లూ నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు ఎంత శాతం పెంచాలో తగ్గించాలో చెప్పే దిద్దుబాటు) కూడా సున్నా అవుతుంది. లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి కాసేపు ఆగి పెట్టడమూ ఇలాంటి పనే. కొత్త బండ్లలో దానివల్ల కోడ్ పోకపోవచ్చు కూడా, గడియారం, పవర్ విండో సెట్టింగులు మాత్రం పోతాయి.

రిపేరు సరిగ్గా జరిగితే అసలు క్లియర్ చేయాల్సిన అవసరమే లేదు. ఏ పరీక్షలో బండి తప్పిందో అదే పరీక్ష వరుసగా 3 ట్రిప్పుల్లో నెగ్గితే లైటు దానంతటదే ఆరుతుంది. కోడ్ ఇంకొన్నాళ్లు మెమరీలో ఉండి, ఇంజన్ చల్లగా మొదలై పూర్తిగా వేడెక్కే ప్రయాణాలు 40 దాకా అయ్యాక పోతుంది. క్లియర్ చేసి ఆర్పిన లైటుకు, తనంతట ఆరిన లైటుకు ఎంతో తేడా ఉంది. రెండోదే రిపేరు నిలిచిందనడానికి రుజువు.

ఫ్రీజ్ ఫ్రేమ్ ఎందుకు కాపాడుకోవాలో ఒకే కోడ్‌తో చూద్దాం. పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ (పెట్రోలు సరిగ్గా కాలకపోవడం). కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఒక పెట్రోలు బండిలో ఈ కోడ్ పడిందనుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 41, ఆర్‌పీఎం 3050, లోడు (ఇంజన్ మీద పడిన భారం) 88 శాతం, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 97 డిగ్రీలు అని ఉంది. అంటే ఇంజన్ వేడెక్కి ఉంది, సెకండ్ గేర్‌లో బరువు లాగుతోంది. లోడు పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర స్పార్క్ రావాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. నీరసించిన కాయిలు (ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చేది), గ్యాప్ పెరిగిన ప్లగ్గు బయటపడేది అక్కడే. ఇంకో బండిలోనూ అదే పి0302, కానీ వేగం 0, ఆర్‌పీఎం 1150, కూలెంట్ 29 డిగ్రీలు. పొద్దున్నే స్టార్ట్ చేసి ఇంటి ముందు నిలబెట్టినప్పుడు పడింది. ఇక్కడ కాయిలు కంటే ముందు కారుతున్న ఇంజెక్టరును (పెట్రోలు చిమ్మేది), తడిసిన ప్లగ్గును, సిలిండర్‌లోకి చేరుతున్న కూలెంట్‌ను అనుమానించాలి. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోందేమో రోజూ చల్లటి ఇంజన్ మీద చూడాలి.

చాలా బండ్లు ఒక్క ఫ్రీజ్ ఫ్రేమే దాచుకుంటాయి. తర్వాత మిస్సింగ్ కోడో ఇంధనం కోడో పడితే పాతదాని మీదే రాసేస్తాయి. అందుకే లైటు వెలిగిన రోజే చదవాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసినా సరే, నోటు పుస్తకంలోనూ రాయమంటాను. ఫోన్‌లో ఫొటోల మధ్య అది మళ్లీ దొరకదు.

రాసుకున్నాకే పరీక్ష. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిలు ఉన్న బండ్లకు మాత్రమే ఇది పనికొస్తుంది. ఇంజన్ చల్లారాక, తాళం తీసేసి, రెండో కాయిలును మూడో సిలిండర్ మీద, మూడోదాన్ని రెండోదాని మీద పెట్టండి. కనెక్టరును లాక్ నొక్కి లాగాలి, వైరు పట్టుకుని కాదు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, విరిగితే ఇంకో కొత్త కోడ్ మొదలవుతుంది. కాయిలు బోల్టుకు ఎక్కువ బండ్లలో 10 నంబరు స్పానర్ సరిపోతుంది. ఇప్పుడు క్లియర్ నొక్కండి, దానికి ఇక్కడ పని ఉంది. తర్వాత మునుపు కోడ్ పడిన పరిస్థితిలోనే నడపండి. ఘాట్‌లో పడిన కోడ్‌ను ఇంటి ముందు ఐడ్లింగ్‌లో పరీక్షిస్తే ఏమీ తేలదు. పి0303 పడితే దోషం కాయిలుది. మళ్లీ పి0302 పడితే కాయిలు మంచిదే, ఈసారి ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టరు, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి. కాయిలు, ప్లగ్గు రెండూ ఒకేసారి మార్చొద్దు, కోడ్ కదిలినా ఎవరి దోషమో తెలియదు. ప్లగ్గు కొనాల్సి వస్తే నేను సెట్టు మొత్తం మారుస్తాను. ఒకటి అరిగిందంటే మిగతా మూడూ అంతే దూరం తిరిగినవే.

ఈ పరీక్షలో లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి, ఏసీ ఆపండి, అప్పటికీ ఆగకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే డబ్బా) పోయి అక్కడ మండుతుంది, లోపలి సిరామిక్ జల్లెడ కరుగుతుంది. ఘాట్‌లో అయితే వెడల్పైన మలుపు దాకా మెల్లగా లాగి ఆపండి, మిగిలిన ఎత్తు ఎక్కించవద్దు.

ఇక నన్ను బాగా బాధపెట్టే విషయం. పి0171 చూసి ఆక్సిజన్ సెన్సర్ కొనేస్తున్నారు. ఆ కోడ్ చెప్పేది మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది, గాలి ఎక్కువైంది అని. ఆ సంగతి ఈసీయూకు చేరవేసింది ఆక్సిజన్ సెన్సరే, అంటే అది పనిచేస్తోంది. సెన్సర్‌లోనే తేడా వస్తే సాధారణంగా పడే కోడ్లు వేరు. కన్వర్టర్‌కు ముందుండే సెన్సర్‌కైతే పి0130 నుంచి పి0135 దాకా. వాటిలోనూ పి0135 హీటర్ సర్క్యూట్‌ది, కాబట్టి ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టరు, ఆ తర్వాత ఎలుకలు కొరికిన వైరేమో చూడాలి. శెనక్కాయ బస్తాల పక్కన బండి పెట్టే ఇళ్లలో వైరు చూడకుండా సెన్సర్ జోలికి పోవద్దు.

పి0171కి చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే దిద్దుబాటు), లాంగ్ టర్మ్ (నేర్చుకుని దాచుకున్నది) రెండూ కలిపి కూడండి. మంచి బండిలో మొత్తం 5 శాతం అటూ ఇటూ ఉంటుంది, 10 దాకా ఫర్వాలేదు. ప్లస్ 20 దాటితే ఈసీయూ చాలా పెట్రోలు అదనంగా పోస్తోందన్నమాట. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి ఇంకోసారి చదవండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 6 ఉంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది: పగిలిన వాక్యూమ్ పైపు, వదులైన క్లాంపు, ఇన్‌టేక్ గ్యాస్కెట్. ఇంజన్ పీల్చే మొత్తం గాలి ఐడ్లింగ్‌లో తక్కువ కాబట్టి ఆ లీకు వాటా అప్పుడే పెద్దదిగా కనబడుతుంది. దీనికి తలకిందులుగా, ఐడ్లింగ్‌లో ప్లస్ 4 ఉండి రోడ్డు మీద లాగేటప్పుడు ప్లస్ 20 అయితే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మురికిపట్టి తక్కువ చెబుతోంది. బేతంచెర్ల, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల దారిలో రోజూ తిరిగే బండ్లకు ఈ రెండోదాన్నే ముందు అనుమానించండి. ఎంఏఎఫ్‌కు దాని కోసం అమ్మే స్ప్రే మాత్రమే కొట్టాలి, బాగా ఆరాకే బిగించాలి. గుడ్డతో తుడిస్తే లోపలి సన్నటి తీగ తెగుతుంది.

ఒక మెలిక ఉంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఎంఏఎఫ్ ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది ఇన్‌టేక్‌లో ఒత్తిడిని కొలుస్తుంది కాబట్టి దొంగగాలి వచ్చినా లెక్కలోకి తీసుకుని పెట్రోలు పెంచుతుంది. అలాంటి బండిలో వాక్యూమ్ లీకుకు గుర్తు ట్రిమ్ కంటే ముందు ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరగడం. అందులో పి0171 పడితే పెట్రోలు ప్రెషర్ చూపించండి, ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సర్ పైపు జాయింటులో మసి చారలు ఉన్నాయేమో చూడండి. అక్కడి లీకు బయటి గాలిని లోపలికి లాగి సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది.

లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టమని చెప్పేవాళ్లున్నారు. వేడి ఇంజన్ మీద అది అంటుకుంటుంది. అర మీటరు రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర జాయింట్ల వెంట జరపండి, బుస్సుమనే చోటు దొరుకుతుంది. ఫ్యాన్, బెల్టులకు పైపు తగలనీయొద్దు.

క్లియర్ చేశాక రెడీనెస్ మళ్లీ పూర్తి కావడం గురించి క్లుప్తంగా: కడప ఏడురోడ్ల చుట్టూ తిరిగే తిరుగుడుతో క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్ పరీక్ష) పూర్తి కావడం కష్టం. కర్నూలు నుంచి డోన్ దాకా హైవే మీద ఒకే వేగంతో పోయిరండి.

అభ్యాసం. లైటు వెలగని, బాగున్న బండి మీదే చేయాలి. పొద్దున చల్లటి స్టార్ట్, వేడెక్కాక ఏసీ లేకుండా ఐడ్లింగ్, ఏసీతో ఐడ్లింగ్, 2500 ఆర్‌పీఎం, హైవేలో 80 వేగం: ఈ అయిదు స్థితుల్లో రెండు ట్రిమ్‌లు, కూలెంట్, లోపలికి పోయే గాలి వేడి, లోడు రాయండి. నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఇదంతా మండుటెండలో మధ్యాహ్నం మరోసారి చేయండి. ట్రాఫిక్‌లో గాలి వేడి 60 డిగ్రీలు దాటినా కంగారు పడొద్దు, బానెట్ కింద అంతే ఉంటుంది. కూలెంట్ 110 దాటితే మాత్రం రాయడం ఆపి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. ఈ పట్టిక తయారుగా ఉన్నవాళ్లకే అయిదో పాఠంలోని గ్రాఫులు అర్థమవుతాయి.